హెడ్డింగ్ వెనక గ్రేడియంట్: డీటీపీ బల్ల మీది అపోహలు

నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కట్టే పని) చేసేవాళ్లలో చాలామందిమి పేజ్‌మేకర్ అనే పాత పేజీ సాఫ్ట్‌వేర్ మీద చెయ్యి తిరిగినవాళ్లమే. అందులో గ్రేడియంట్ (ఒక రంగు మెల్లగా మరో రంగులోకి మారే పూత) పోసే వీలు లేదు కాబట్టి ఫోటోషాప్‌లో పట్టీ చేసి తెచ్చి అక్షరాల కింద పరిచేవాళ్లం. ఇప్పటి పేజీ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌కు మారాక కూడా ఆ అలవాటు వదల్లేదు.

అపోహ: ప్రతి హెడ్డింగ్‌కూ విడిగా రంగు పెట్టె గీయాలి.

వాస్తవం: అక్కర్లేదు. చెరువుగట్టు జాతర సంచిక కడుతున్నారనుకోండి. ఆఖరి గంటలో ప్రకటన ఒకటి వచ్చి పడుతుంది (పడకుండా ఎప్పుడుంది కనుక!). పాఠం కిందికి జారుతుంది, పెట్టెలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. దానికి బదులు గ్రేడియంట్‌ను స్వాచ్‌గా (పేరు పెట్టి దాచుకునే రంగుగా) దాచుకుని, హెడ్డింగ్ పేరాగ్రాఫ్ స్టైల్‌లో (పేరా రూపమంతా ఒకచోట దాచే అమరికలో) 'రూల్ బిలో'కు, అంటే పేరా కింద వచ్చే గీతకు ఇవ్వండి. గీత మందాన్ని అక్షరాల ఎత్తుకు మించి పెంచి, ఆఫ్‌సెట్‌ను (అక్షరాల నుంచి గీత ఉండే దూరాన్ని) మైనస్‌లోకి తీసుకెళ్తే అది పైకి జరిగి అక్షరాల వెనక పట్టీగా నిలుస్తుంది. హెడ్డింగ్ ఎటు పోతే పట్టీ అటు. ఒక మెలిక ఉంది: ఈ గీత పేరాలో చివరి వరుసనే పట్టుకుంటుంది. రెండు వరుసల హెడ్డింగ్‌కు ఒంటి గడి టేబుల్ పెట్టి, గడికే గ్రేడియంట్ పోయండి. మందాన్ని ఇంగ్లిష్ అక్షరాలతో సరిచూసుకోవద్దు. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటల్లో వత్తులు పట్టీ దాటి కిందికి వేలాడతాయి.

అపోహ: గ్రేడియంట్‌లో చారలు పడితే తప్పు ప్రెస్సుదే.

వాస్తవం: ముందు ఫైలు చూడండి. మామూలు 8 బిట్ లెక్కలో ఒక సిరాకు 0 నుంచి 100 శాతం దాకా లేత-ముదురు ఛాయల్లో 256 మెట్లు. 20 నుంచి 30 శాతానికి పోయే గ్రేడియంట్‌కు అందులో దక్కేవి సుమారు 25. వాటిని 25 సెంటీమీటర్ల పట్టీ మీద పరిస్తే ఒక్కో మెట్టు సెంటీమీటరు వెడల్పు, కనిపించక ఎక్కడికి పోతుంది? రెండు కొసల మధ్య తేడా పెంచండి, లేదా పట్టీని కురచ చేయండి. ప్లేటు తీసే యంత్రం సంగతీ తెలుసుకోండి: 150 లైన్ల స్క్రీన్‌కు (అంగుళానికి 150 వరుసల అచ్చు చుక్కలకు) యంత్రం 2400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) అయితే 257 మెట్లు వస్తాయి, 1200 అయితే 65 మాత్రమే.

అపోహ: ఎరుపు నుంచి నలుపుకు పోతే నిండుగా ఉంటుంది.

వాస్తవం: నలుపు కొసలో ఒట్టి నల్ల సిరా పెడితే నడిమధ్యకు వచ్చేసరికి ఎరుపు సగానికి పడిపోయి బూడిద తేలుతుంది. ఆ కొసలో కూడా మెజెంటా, పసుపు 100 శాతం అలాగే ఉంచి నలుపు కలపండి. న్యూస్‌ప్రింట్ (పత్రికల కాగితం) మాత్రం మూడు సిరాలూ కలిసి వచ్చే 300 శాతం సిరా మోయలేదు. అక్కడ ఒకే రంగు ముదురు నుంచి లేతకు పోనివ్వడమే నయం.