పెద్దల కోసం యాప్: అక్షరాలు పెద్దవైతే చాలా?

"పెద్దవాళ్ల కోసమే కదా, అక్షరాలు పెద్దవి చేసేయండి, సరిపోతుంది." ఇంటర్నెట్‌కు కొత్తయిన పెద్దల కోసం యాప్‌లు డిజైన్ చేసే పనిలో నేను పదే పదే వినే మాట ఇది. వాళ్లను అన్నిటికంటే ఎక్కువగా దూరం చేస్తున్న అపోహా ఇదే.

అక్షరాల సైజు అవసరమే, కాదనను. కానీ తెరను చక్కగా చదవగలిగినవారు కూడా మధ్యలో ఆగిపోతున్నారు. ఆపేది చూపు కాదు, భయం. ఒక యాప్‌ను వాడించి చూసే పరీక్షలో ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను. ఫారం అంతా ఓపికగా నింపి 'సమర్పించండి' నొక్కారు. తెరపై ఏ మార్పూ లేదు. మళ్లీ నొక్కారు. ఈసారి వేలు గట్టిగా అదిమిపెట్టారు. ఎర్రగా 'చెల్లని అభ్యర్థన' అని వచ్చింది. ఆవిడ చటుక్కున చేయి వెనక్కి తీసుకుని, "నేనేమైనా పాడుచేశానా బాబూ?" అన్నారు. అక్షరాలు పెద్దవిగానే ఉన్నాయి! ఆవిడ చేసిన తప్పేమీ లేదు. నొక్కిన సంగతి అందిందని ఆ బటన్ చెప్పలేదు, అంతే.

నొక్కగానే 'పంపుతున్నాం, ఆగండి' అని కనిపించాలి. రెండోసారి నొక్కినా దరఖాస్తు ఒక్కటే వెళ్లాలి. వెనక్కి వెళ్తే నింపినవి చెరిగిపోకూడదు. డబ్బు కదిలే ముందు ఎవరికి, ఎంత అన్నది చూపించి అడగాలి. పొరపాటు జరిగితే ఏ గడిలో జరిగిందో, ఎలా దిద్దుకోవాలో చెప్పాలి. ఓటీపీ కోసం మెసేజ్‌లు తెరిచి వచ్చేలోగా 'గడువు ముగిసింది' అనేస్తే ఆ మనిషి మళ్లీ మొదలుపెట్టరు. గడువు పెంచుకునే వీలు ఉండాలని వెబ్ అందరూ వాడగలిగేలా ఉండాలని 2008లో తెచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణాలే చెప్పాయి, అదీ కనీస స్థాయిలో.

"ఏదో ఒకటి తాకితే చాలు, ఖాతా ఖాళీ" అని ఫార్వర్డ్ చేసేవారిని చూస్తే ఒళ్లు మండుతుంది. పిన్, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని, తెలియని లింకులు తెరవవద్దని, తెలియని యాప్‌లు వేసుకోవద్దని చెప్పండి. అది పనికొచ్చే జాగ్రత్త. తెరనే ముట్టుకోవద్దని భయపెడితే ఎలా నేర్చుకుంటారు?

వయసైతే నేర్చుకోలేరన్నది అబద్ధం. కాస్త సమయం పడుతుంది. ప్రతి అప్‌డేట్‌కూ బటన్ల చోటు మారిస్తే మాత్రం నేర్చుకున్నదీ వృథా. బొమ్మ ఒక్కటే చాలదు, కింద మాట కూడా ఉండాలి. మూడు గీతల గుర్తు మెనూ అని ఎవరో చెబితే తప్ప తెలియదు. లేత బూడిద అక్షరాలు వద్దు. మామూలు సైజు అక్షరాలకు, నేపథ్యానికి మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి.

"పక్కన పిల్లలు ఉంటారుగా" అనే మాట కూడా వినిపిస్తుంది. అలా అనుకుని డిజైన్ చేస్తే పెద్దవాళ్ల పిన్, పాస్‌వర్డ్ మరొకరి చేతికి వెళ్తాయి. అందుకే పరీక్షించేటప్పుడు ఇంట్లోవాళ్లను బయట కూర్చోమని అడుగుతాను.