బేస్ గిటార్‌కు మిడ్స్ ఎందుకు కరవయ్యాయి: వేదిక మీది ఒక సమస్యకు డెబ్బై ఏళ్ల నేపథ్యం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పెళ్లి రిసెప్షన్లకు, జాతరలకు, చర్చి కూటాలకు వాయించే బృందాల్లో బేస్ గిటార్ ఇప్పుడు కొత్త వాద్యమేమీ కాదు. అయినా ఈ బృందాల గురించి తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: బేస్ మోగుతున్నదని తెలుస్తుంది కానీ ఏ స్వరం వాయిస్తున్నారో తెలియదు. ఆ మాట చెవిన పడగానే ఎవరి చేయైనా ముందుగా వెళ్లేది బేస్ నాబ్ (అట్టడుగు ధ్వనిని పెంచే మీట) మీదికే. దాన్ని పెంచిన కొద్దీ హాలు అదురుతుంది, గాయకుడి మాట మసకబారుతుంది, స్వరం మాత్రం తేటపడదు. నిజానికి సర్దవలసింది మిడ్స్‌ని, అంటే సుమారు 200 నుంచి 1,500 హెర్ట్జ్ దాకా ఉండే భాగాన్ని. దాన్ని తగ్గించడం లేదా అసలు పట్టించుకోకపోవడం మనవాళ్లకు అలవాటు కావడానికి వారి అభిరుచి కంటే వారి చేతికి అందిన నాబ్‌లే ఎక్కువ కారణమని, ఆ నాబ్‌ల వెనుక సుదీర్ఘమైన చరిత్ర ఉందని ఈ కథనం వివరిస్తుంది.

ముందుగా తీగ సంగతి చూడాలి. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావైన ‘ఈ’ (E) తీగను ఎక్కడా నొక్కకుండా మీటితే దాని మూల కంపనం సెకనుకు 41.2 సార్లు, సన్న తీగ అయిన ‘జీ’ (G) కూడా 98 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. అయితే ఏ తీగా మూల కంపనాన్ని ఒక్కదాన్నే పలకదు. ‘ఈ’ తీగ మోగినప్పుడు 82, 124, 165, 206 హెర్ట్జ్ మొదలుకొని ఇంకా పైదాకా హార్మోనిక్స్, అంటే మూల కంపనానికి రెట్లుగా ఉండే పై కంపనాలు, వరుసగా వెంట వస్తాయి. ఈ వరుసలో పై మెట్లు స్పష్టంగా చేరితే చాలు, కింది మూల స్వరం స్పీకర్ నుంచి రాకపోయినా, మన వినికిడి దాన్ని ఊహించుకొని పూర్తి చేస్తుంది. అరచేతిలో పట్టే ఫోన్ స్పీకర్‌లోనూ బేస్ నడకను గుర్తుపట్టగలగడానికి కారణం ఇదే. కాబట్టి స్వరం పేరు చెప్పేది మిడ్స్ భాగమే. అట్టడుగు భాగం బరువును మాత్రమే ఇస్తుంది.

పాలమూరు పల్లెల్లో ఒక తరం ఈ సంగతిని పేరు తెలియకుండానే అనుభవించింది. 1980ల్లో ఇళయరాజా పాటలు ఊళ్లకు చేరింది ఎక్కువగా రేడియోల ద్వారా, గుడి దగ్గరో పెళ్లి పందిరి దగ్గరో కర్రకు కట్టిన మైకు గొట్టాల ద్వారా. ఆ గొట్టం నుంచి 200 హెర్ట్జ్ కన్నా కింది ధ్వని దాదాపు రాదు. అయినా ఆ పాటల్లోని బేస్ వరుసలను జనం నోటితో పాడుకోగలిగారు. చెన్నై స్టూడియోల్లో ఆ బేస్‌ని రికార్డు చేసినవారు దానికి తగినంత మిడ్స్ ఉంచడం వల్లనే అది సాధ్యమైందని నేను నమ్ముతాను. ఈనాడు భారీ సబ్ బాక్సులు (అట్టడుగు ధ్వని కోసమే పెట్టే పెద్ద స్పీకర్లు) ఉన్న వేదిక మీద ఆ స్పష్టత పోవడం నిజంగా బాధ కలిగించే విషయం.

ఇక వాద్యం చరిత్రకు వస్తే, కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. దాని మీద ఉన్నవి ఒక వాల్యూమ్ నాబ్, ఒక టోన్ నాబ్ మాత్రమే. ఆ టోన్ నాబ్ కెపాసిటర్ సాయంతో పై భాగాన్ని కోసేస్తుందే తప్ప మిడ్స్‌ని పెంచలేదు, ప్రత్యేకంగా తగ్గించనూ లేదు. మిడ్స్ ఎంత ఉండాలన్నది అప్పట్లో పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) ఎక్కడ బిగించారు, తీగలు ఎలాంటివి, వేళ్లు ఎక్కడ మీటుతున్నాయి అనే మూడు విషయాల మీదే ఆధారపడి ఉండేది. 1957లో ప్రెసిషన్‌కు రెండు ముక్కల పికప్ వచ్చింది. అది బిగించిన చోటు కింది మిడ్స్‌ని సహజంగానే బలంగా పట్టుకుంటుంది. అమెరికా సంగీత సంస్థ మోటౌన్ రికార్డుల్లో బేసిస్ట్ జేమ్స్ జామర్సన్ నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలతో ఈ వాద్యాన్నే వాయించాడు. తళుకు తక్కువైనా ప్రతి స్వరం విడివిడిగా వినిపించే ఆ ధ్వని అక్కడి నుంచే వచ్చింది.

1960లో వచ్చిన జాజ్ బేస్ కథ వేరు. దానికి రెండు పికప్‌లు ఉంటాయి. రెండింటినీ పూర్తిగా తెరిస్తే, అవి తీగను వేర్వేరు చోట్ల పట్టుకుంటాయి కాబట్టి, మిడ్స్‌లో కొంత భాగం ఒకదానితో ఒకటి కొట్టుకుపోతుంది. వెనుక, అంటే బ్రిడ్జ్ దగ్గరి పికప్‌ను ఒక్కదాన్నే తెరిస్తే మిడ్స్ ముందుకు దూసుకొస్తాయి. 1976లో తన తొలి ఆల్బమ్ విడుదల చేసిన బేసిస్ట్ జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు (మెడ మీది అడ్డపట్టీలు) తీసేసిన జాజ్ బేస్‌ను ఎక్కువగా ఈ వెనుక పికప్‌తోనే పలికించి, బేస్‌ను పాడే గొంతుగా మార్చాడు. మన బృందాల్లో ఎక్కువగా కనిపించే తక్కువ ధర బేస్‌లలో చాలావరకు జాజ్ బేస్ నమూనాలోనివే, లేదా ఈ రెండు రకాల పికప్‌లనూ కలిపి బిగించినవే. ఈక్వలైజర్ (ధ్వనిలోని భాగాలను విడివిడిగా పెంచి తగ్గించే పరికరం) జోలికి వెళ్లకముందే ముందు పికప్ వాల్యూమ్‌ను కొంచెం తగ్గించి చూస్తే, ఖర్చు లేకుండానే మిడ్స్ ఎంత మారుతాయో తెలుస్తుంది.

అసలు చిక్కు ఆంప్‌లతో, అంటే ధ్వనిని పెంచే యాంప్లిఫైయర్లతో మొదలైంది. 1952లో ఫెండర్ బాస్‌మన్ ఆంప్ వచ్చింది. 1950ల చివరి బాస్‌మన్‌లో బేస్, మిడిల్, ట్రెబుల్ నాబ్‌లు ఉన్నాయి కానీ, ఆ సర్క్యూట్ స్వభావం వల్ల మూడింటినీ సగం దగ్గర పెట్టినా 400 హెర్ట్జ్ ప్రాంతంలో లోతైన పల్లం ఉంటుంది. అంటే నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి ‘అన్నీ సమానం’ అనుకున్న బేసిస్ట్‌కు నిజానికి మిడ్స్ తగ్గించిన ధ్వనే అందుతున్నది. ఆ సర్క్యూట్‌లో సమానానికి దగ్గరగా వెళ్లాలంటే మిడిల్‌ను పూర్తిగా పెంచి, మిగతా రెండింటినీ దాదాపు మూసేయాలి. 1960ల బాస్‌మన్ హెడ్‌లకైతే (స్పీకర్ పెట్టె విడిగా ఉండే ఆంప్‌లకు) మిడిల్ నాబే లేదు. ఈ సర్క్యూట్ పద్ధతి ఆ తర్వాత ఎన్నో కంపెనీల ఆంప్‌లలోకి పాకింది కాబట్టి, మిడ్స్ పల్లం ఒక తరం చెవులకు మామూలు ధ్వనిగా స్థిరపడిపోయింది.

ఆ పల్లాన్ని వాయించేవారి చేతికే అప్పగించిన ఆంప్ 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ. 300 వాట్ల ట్యూబ్ ఆంప్, దానికి పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న పెట్టె. అదే ఏడాది రోలింగ్ స్టోన్స్ బృందం తమ అమెరికా పర్యటనకు దీన్ని వెంట తీసుకెళ్లింది. దీని శక్తి గురించి అందరూ చెబుతారు గానీ, నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది మిడ్ నాబ్ పక్కనున్న చిన్న మూడు మెట్ల స్విచ్. అది 220, 800, 3,000 హెర్ట్జ్‌లలో ఒకదాన్ని ఎంచుకోనిస్తుంది. మిడ్స్ అంటే ఒకే ముద్ద కాదని, 220 దగ్గర ఒళ్లు, 800 దగ్గర మాట, 3,000 దగ్గర వేళ్ల చప్పుడు ఉంటాయని ఆ స్విచ్ చేతికి నేర్పింది.

కాలం మాత్రం మరో దారిలో నడిచింది. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రేలో బ్యాటరీతో పనిచేసే ప్రీఆంప్ (బేస్‌లోనే సంకేతాన్ని పెంచి సర్దే చిన్న సర్క్యూట్) ఉంది, దానికి బేస్, ట్రెబుల్ నాబ్‌లు మాత్రమే ఇచ్చారు. రెండింటినీ పెంచితే మిడ్స్ వాటంతటవే వెనకబడతాయి. బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్ పద్ధతికి ఆ ధ్వని చక్కగా నప్పింది. 1980ల్లో బ్రిటన్‌కు చెందిన ట్రేస్ ఇలియట్ ఆంప్‌లలో ఒక్క బటన్ నొక్కితే కింది, పై భాగాలు పెరిగి మిడ్స్ తగ్గే ఏర్పాటు కూడా వచ్చింది. స్లాప్‌కు అది సరైన ధ్వనే. కానీ వేళ్లతో నెమ్మదిగా నడిచే భక్తి గీతానికో జానపదానికో అదే అమరికను వాడటం ఆ పాటకు అన్యాయం.

దీనికి తోడు మన చెవి స్వభావమే ఒక పొరపాటుకు దారి తీస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రకటించిన వక్రరేఖల ప్రకారం, శబ్దం తక్కువగా ఉన్నప్పుడు చెవికి కింది భాగం బాగా తగ్గి వినిపిస్తుంది. పక్కింటివారికి ఇబ్బంది కాకుండా ఇంట్లో చిన్న వాల్యూమ్‌లో సాధన చేసే కుర్రవాడు అందుకే బేస్ పెంచుకుంటాడు, మెరుపు కోసం ట్రెబుల్ కూడా పెంచుకుంటాడు. అది గదిలో బాగానే ఉంటుంది. అదే అమరికను ఫంక్షన్ హాలుకు తీసుకెళ్లి వాల్యూమ్ పెంచినప్పుడు కింది భాగం విపరీతంగా ఉబ్బుతుంది, స్వరం అందులో మునిగిపోతుంది.

ఇవన్నీ దూరదేశాల కథలే అయినా, నల్లగొండలో గానీ జడ్చర్లలో గానీ సమస్యకు చివరి ముడి వేసింది మన మిక్సర్. ఇక్కడి బృందాల్లో, మెన్నోనైట్ బ్రెదరన్ మిషన్ కాలం నుంచి పాటల సంప్రదాయం బలంగా ఉన్న మహబూబ్‌నగర్, దేవరకొండ, వనపర్తి వైపు చర్చిల్లో కూడా, బేస్‌కు విడిగా ఆంప్ ఉండటం అరుదు. గిటార్ నుంచి వైరు నేరుగానో, డీఐ బాక్స్ (గిటార్ సంకేతాన్ని మిక్సర్‌కు తగినట్టు మార్చే పెట్టె) ద్వారానో మిక్సర్‌లోకి వెళుతుంది. చిన్న మిక్సర్లలో చాలావాటికి ఒక్కో చానల్‌కు మూడు నాబ్‌లుంటాయి: కిందిది 80 హెర్ట్జ్ దగ్గర, మధ్యది 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర, పైది 12 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఈ అంకెలు బేస్‌ను దృష్టిలో పెట్టుకొని ఎంచినవి కావు. బేస్ మాట్లాడే 250 నుంచి 1,000 హెర్ట్జ్ భాగానికి వాటిలో ఒక్క నాబూ సూటిగా చేరదు. ‘మిడ్స్ పెంచి చూశాం, గరగర తప్ప ఏమీ రాలేదు’ అని చెప్పేవారి మాట అబద్ధం కాదు. వారు పెంచింది 2.5 కిలోహెర్ట్జ్‌ను, అక్కడ ఉండేది తీగ ఫ్రెట్‌కు తగిలే చప్పుడే.

హాలు కూడా ఇందులో పాలుపంచుకుంటుంది. సిమెంటు స్లాబు, టైల్స్ నేల, వాటి మధ్య నాలుగు మీటర్ల ఎత్తు ఉన్న హాలును తీసుకుందాం. ధ్వని వేగం సెకనుకు సుమారు 345 మీటర్లు కాబట్టి, నేలకూ కప్పుకూ మధ్య నిలబడే మొదటి తరంగం 43 హెర్ట్జ్ దగ్గర ఏర్పడుతుంది. బేస్‌లో ‘ఈ’ తీగను మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కితే వచ్చే ‘ఎఫ్’ (F) స్వరం 43.7 హెర్ట్జ్. పెద్ద సబ్‌లు పెట్టిన హాలులో ఆ ఒక్క స్వరం దగ్గర గది మొత్తం గుమ్మంటుంది, పక్క స్వరాలు చిక్కిపోతాయి. దీన్ని బేస్ నాబ్ పెంచి బాగు చేయడం అసాధ్యం. పైగా ఏ భాగాన్నైనా 6 డెసిబెల్స్ పెంచాలంటే అక్కడ నాలుగు రెట్ల శక్తి కావాలి. అంత శక్తి లేని ఆంప్ ధ్వనిని చిట్లగొడుతుంది, స్పీకర్ కాయిల్ కూడా మాడిపోవచ్చు. 700 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ పెంచితే దానికన్నా చాలా తక్కువ ఖర్చుతో స్వరం బయటికి వస్తుంది.

బేస్ కోసం చేసిన ఈక్వలైజర్ పెడల్ ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది. బాస్ (Boss) కంపెనీ జీఈబీ-7 పెడల్‌లో ఉన్నవి ఏడు మీటలు; వాటిలో మూడు 400, 500, 800 హెర్ట్జ్‌లకే కేటాయించారు. ఏడే మీటలు ఇవ్వగలిగిన చోట మూడింటిని ఈ ఇరుకు భాగానికి ఇచ్చారంటే, బేస్ తయారీదారులకు ఆ భాగం ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

అంకెలు ఎంచుకోవడం వేదికను బట్టి, పక్క వాద్యాలను బట్టి ఉంటుంది. చర్చి కూటంలో కీబోర్డ్ వాయించేవారి ఎడమ చేయి 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య బాగా నింపేస్తుంది కాబట్టి, అక్కడ 200-250 హెర్ట్జ్ దగ్గర బేస్‌ను 2, 3 డెసిబెల్స్ తగ్గించి 700-800 దగ్గర అంతే పెంచడం మంచిది. కీబోర్డ్ లేని జానపద బృందంలో 250 హెర్ట్జ్‌ను ముట్టుకోకపోవడమే మేలు, ఎందుకంటే పాటకు ఒళ్లు ఇచ్చేది అప్పుడు బేస్ ఒక్కటే. డప్పులున్న పాటలో సిటికెన పుల్ల (డప్పును కొట్టే సన్న పుల్ల) పదునంతా పై భాగంలో మోగుతుంది. అక్కడ 2 కిలోహెర్ట్జ్ పైన బేస్‌ను పెంచితే రెండూ చెడతాయి. చెర్వుగట్టు, పెద్దగట్టు జాతరల వంటి ఆరుబయట, గోడలు లేని చోట, కింది భాగం తిరిగి రాదు, దూరం పోయేకొద్దీ స్వరం గాలిలో కలిసిపోతుంది. అక్కడ 500 నుంచి 900 మధ్య హాలులో కన్నా కాస్త ఎక్కువే ఇవ్వాలి. ఒంటరిగా వింటే అది ముక్కుతో పలికినట్టు, కాస్త మొరటుగా ఉంటుంది. అందుకే బేస్ అమరికను బృందమంతా వాయిస్తున్నప్పుడు, వేదిక దిగి, జనం కూర్చునే చోట నిలబడి నిర్ణయించాలి.

ఎక్కడ, ఎంత, ఎంత వెడల్పున అన్న మూడింటినీ విడివిడిగా మార్చగల పారామెట్రిక్ ఈక్వలైజర్‌ను జార్జ్ మాసెన్‌బర్గ్ 1972లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ ముందు వివరించాడు. చాలాకాలం అది పెద్ద స్టూడియోల సొత్తుగానే ఉంది. ఇప్పుడు ట్యాబ్‌తో నడిపే డిజిటల్ మిక్సర్లలో దాదాపు ప్రతి చానల్‌కూ అది ఉంటుంది, వాటిని అద్దెకు తెచ్చే మైక్‌సెట్ వారు కూడా పెరుగుతున్నారు. అలాంటి మిక్సర్ దొరికిన రోజున బేసిస్ట్ ఆపరేటర్ పక్కన నిలబడి, ఒక బ్యాండ్‌ను ఇరుకుగా చేసి, పెంచి, 200 నుంచి 1,000 దాకా మెల్లగా జరిపించి వినాలి. చెవికి అన్నిటికన్నా వికారంగా ఉబ్బిన చోటును 3 డెసిబెల్స్ కోయించి, స్వరం తేటగా పలికిన చోటును వెడల్పుగా 2, 3 డెసిబెల్స్ పెంచించి, ఆ రెండు అంకెలనూ తన బేస్ పేరుతో మిక్సర్‌లో దాచి ఉంచమని అడగాలి.