ఎకరాలు, గుంటలు, ఉమ్మడి హారం

పరకాల దగ్గరి ఒక ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములకు కలిపి చెలక 2.20, బావి కింది పొలం 1.30 అని పాసుపుస్తకంలో ఉందనుకుందాం. ఈ అంకెలను క్యాలిక్యులేటర్‌లో కూడితే 3.50 వస్తుంది; దాన్ని మూడున్నర ఎకరాలని చదివితే ముప్పై గుంటల భూమి లెక్కలోనే పోతుంది. ఆ చుక్క దశాంశ బిందువు కాదు. దానికి ఎడమన ఉన్నవి ఎకరాలు, కుడిన ఉన్నవి గుంటలు. నలభై గుంటలైతే ఒక ఎకరం. ఇరవై గుంటలు అర ఎకరం, ముప్పై గుంటలు ముప్పావు ఎకరం కాబట్టి అసలు మొత్తం నాలుగుంబావు.

భిన్నాలను కూడే ముందు హారాలను ఎందుకు సమానం చేయాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. రెండున్నర అంటే 5/2, ఒకటిముప్పావు అంటే 7/4. సగాలూ పావులూ ఒకే కొలత ముక్కలు కావు కనుక వాటిని నేరుగా లెక్కపెట్టలేము; ఐదు సగాలను పది పావులుగా మార్చుకున్నాకే 10/4 + 7/4 = 17/4 అవుతుంది. గుంట చేసే పనీ ఇదే: 40 ఉమ్మడి హారంగా ముందే కుదిరి ఉండడం వల్ల, చదువు రాని రైతు కూడా అరనూ ముప్పావునూ తడుముకోకుండా కలుపుతాడు.

ఇప్పుడు పంపకం. 5/2 + 7/4 ÷ 2 అని రాస్తే, కూడికకన్నా భాగహారం ముందు చేయాలన్న నియమం ప్రకారం రెండో మడి మాత్రమే సగమై, 5/2 + 7/8 = 27/8, అంటే మూడెకరాల పదిహేను గుంటలు వస్తుంది. అది ఎవరి పాలూ కాదు. (5/2 + 7/4) ÷ 2 అని కుండలీకరణాలు పెడితేనే 17/4 × 1/2 = 17/8, అంటే ఒక్కొక్కరికి రెండెకరాల ఐదు గుంటలు. కుండలీకరణం ఇక్కడ అలంకారం కాదు. మొత్తం భూమినీ కలిపిన తరువాతే పంచాలన్న మాటను అదొక్కటే చెబుతుంది.

ముగ్గురికి ఒక ఎకరం పంచవలసి వస్తే చిక్కు మొదలవుతుంది. 40ని మూడు నిశ్శేషంగా భాగించదు. ఒక్కొక్కరికి పదమూడు గుంటలు పోగా ఒక గుంట మిగులుతుంది; అందులో తలా మూడో వంతు రావాలి. గుంటకు 121 చదరపు గజాలు, అదీ మూడుకు తెగదు. చదరపు గజంలో తొమ్మిది చదరపు అడుగులు ఉన్నందువల్ల, గుంటను 1089 చదరపు అడుగులుగా రాసుకున్నప్పుడు మాత్రం మూడో వంతు సరిగ్గా 363 అవుతుంది. అప్పుడు ఒక్కొక్కరి పాలు 13 గుంటల 363 చదరపు అడుగులు.