పాత లారీలను బతికించుకోవడం: అపోహలు – వాస్తవాలు

పాత లారీలు బాగుచేయడం, వాటి చరిత్ర పోగుచేయడం నా పని. ఇటువైపు కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది పాత కార్ల మోజుతో మొదలుపెట్టినవాళ్లే. ఉత్సాహానికి కొదవ ఉండదు. కానీ కార్ల దగ్గర నేర్చుకున్న కొన్ని నమ్మకాలను కూడా వెంట తెచ్చుకుంటారు. కారును ఇంటివాళ్లు అపురూపంగా చూసుకుంటారు. లారీని ఎవరూ అలా చూడలేదు. సంపాదించి పెట్టినంత కాలం తిప్పారు, ఆగిపోయిన రోజున తుక్కుకు తోలేశారు. కాబట్టి ఇవాళ మిగిలి ఉన్న ఏ పాత లారీ అయినా ముందుగా ఒక పని రికార్డు. దాని మీది సొట్ట, అతుకు, సగం చెరిగిన అక్షరం, అన్నీ ఆ రికార్డులోవే. బాగుచేస్తున్నాం అనుకుంటూ వాటిని మనమే చెరిపేస్తున్నాం. నా బాధంతా అదే.

అపోహ: కొత్తదానిలా మెరిస్తేనే బాగుచేసినట్టు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. లారీ చేతికి రాగానే చాలామంది దాన్ని శాండ్ బ్లాస్టింగ్‌కి, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి పాత పొరలన్నీ ఊడగొట్టడానికి పంపుతారు. ఒక్క పూటలో తుప్పుతోపాటు డోర్ల మీది యజమాని పేరు, ఊరు, మోయగల బరువు, బండి నంబరు అన్నీ పోతాయి. అవి చేయి తిరిగిన పెయింటర్లు కుంచెతో రాసిన అక్షరాలు. లారీ మూడు చేతులు మారి ఉంటే డోరు మీద మూడు పేర్లు ఒకదాని కింద ఒకటి దాగి ఉండొచ్చు. పైకి ఏమీ కనిపించడం లేదని వదిలేయకండి. చీకటి పడ్డాక టార్చిలైటును డోరుకు దాదాపు ఆనించి, పక్కవాటుగా వెలుగు వేసి చూడండి. అక్షరాల అంచులు లేచి కనిపిస్తాయి. అక్షరం ఉన్నంత మేరా కింది రంగుకు ఎండ తగలదు. అందుకని పైన రాసింది రాలిపోయినా దాని ఆకారం అక్కడే ఉంటుంది.

కాబట్టి కడగడానికి ముందే ఫొటోలు తీయండి. తర్వాత నీళ్లు, గాఢత లేని సబ్బు, మెత్తని గుడ్డ చాలు. రంగు గట్టిగా నిలబడి ఉంటే వ్యాక్స్ పట్టించి ఆపేయండి. ఉడికించిన అవిసె నూనె పూస్తే పాత రంగు నిగనిగలాడుతుందని కొందరు చెబుతారు. నేను వద్దనే అంటాను. ఆ నూనె గట్టిపడుతుంది, కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, తర్వాత తీయాలంటే కింది రంగు కూడా ఊడి వస్తుంది. వ్యాక్స్ అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు.

తుప్పు రేకును తినేస్తుంటే మళ్లీ పెయింట్ వేయక తప్పదు, నిజమే. అప్పుడు ముందుగా అక్షరాలను ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తుకోండి. సీటు కింద, డాష్‌బోర్డు వెనక ఎండ తగలని చోట అసలు రంగు మిగిలి ఉంటుంది. అక్కడ అరచేయంత మేర ముట్టుకోకుండా వదిలేయండి. రేపు ఎవరికైనా అసలు రంగేదో అనుమానం వస్తే సాక్ష్యం అదే. ఇంకో మాట. పాత రంగుల్లో సీసం ఉండటం మామూలే. పొడిగా గీకకండి. తడిపి, మంచి మాస్కు పెట్టుకుని గీకండి.

అపోహ: అన్ని భాగాలూ ఒకే కంపెనీవైతేనే ఒరిజినల్

కార్లకు ఈ కొలత సరిపోతుందేమో గానీ లారీలకు సరిపోదు. 1917లో ఫోర్డ్ మోడల్ టీటీ లారీ వచ్చినప్పుడు కంపెనీ అమ్మింది చాసిస్ మాత్రమే. క్యాబిన్, బాడీ కొన్నవాళ్లే కట్టించుకున్నారు. వడ్రంగి కట్టిన చెక్క క్యాబిన్ ఉన్న టీటీని చూసి "ఇది ఒరిజినల్ కాదు" అనడం తప్పు. అప్పటి లారీ అలాగే ఉండేది. అమెరికాలో చాలా కంపెనీలు ఇంజిన్‌ను కాంటినెంటల్, హెర్క్యులిస్, వాకెషా వంటి వాళ్ల దగ్గర, యాక్సిల్‌ను టింకెన్ దగ్గర, గేర్‌బాక్స్‌ను ఫుల్లర్ లాంటి మరొకరి దగ్గర కొని బండిని బిగించేవి.

పని చేస్తున్న కాలంలో వచ్చిన మార్పులు కూడా ఉన్నాయి. పెట్రోలు ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్ పెట్టించి ఉంటారు. బరువు ఎక్కువ వేయడానికి కమాన్ పట్టీలు అదనంగా కట్టించి ఉంటారు. నా అభిప్రాయం ఇది: పనిలో ఉండగా యజమాని పని కోసం చేయించిన మార్పును అలాగే ఉంచాలి. మూలన పడ్డాక ఎవరో చేతికందింది తగిలించి ఉంటే దాన్ని నిస్సంకోచంగా తీసేయొచ్చు. ఏది ఏమిటో తేల్చుకోవడానికి గ్రీజు, రంగు పొరలు, బోల్టుల అరుగుదల చూడాలి. దీనికి ఓపిక కావాలి. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం కూడా ఇదే.

చాసిస్ విషయంలో ఒక్క హెచ్చరిక. బరువు లారీల చాసిస్ పట్టాల్లో చాలావాటికి హీట్ ట్రీట్‌మెంట్ చేసి, అంటే వేడిచేసి చల్లార్చి బలం పెంచి ఉంటుంది. వాటికి వెల్డింగ్ పెడితే ఆ చోట బలం పోతుంది. పై అంచుకూ కింది అంచుకూ రంధ్రాలు వేయకూడదు. వేయక తప్పకపోతే నిలువు గోడలోనే వేయాలి. రివెట్లు ఊడితే రివెట్లే వేయించండి, లేదా కొలతకు సరిగ్గా సరిపోయే మంచి గ్రేడు బోల్టులు వాడండి.

అపోహ: ఇంజిన్ స్టార్ట్ అయితే సగం పని అయిపోయినట్టే

ఈ నమ్మకం ప్రాణాల మీదికి తెస్తుంది. ఇంజిన్ కంటే ముందు చూడాల్సినవి చక్రాలు, బ్రేకులు.

పాత లారీల రిమ్ములు చాలావరకు రెండు మూడు ముక్కలుగా ఉంటాయి. టైరు జారకుండా పక్కన లాక్ రింగ్ పట్టి ఉంచుతుంది. ఆ రింగ్ తుప్పు పట్టినా, సరిగ్గా కూర్చోకపోయినా, గాలి నింపేటప్పుడు వేల కిలోల బలంతో ఎగిరి వస్తుంది. ఎదురుగా ఉన్న మనిషి బతకడం కష్టం. ముఖ్యంగా రెండు ముక్కలు మధ్యలో కలిసే రకం రిమ్ములను పక్కన పడేసి వేరేవి చూసుకోవడమే మేలు. చక్రం నట్లు వదులు చేసేముందే వాల్వ్ పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలేయాలి. డబుల్ టైర్లయితే రెండింటికీ అంతే. ఒక కంపెనీ రింగ్‌ను మరో కంపెనీ రిమ్ముకు వేయకూడదు. గాలి ఉన్న టైరు రింగ్‌ను సుత్తితో కొట్టకూడదు. టైరు ఎక్కి ఉన్న రిమ్ముకు వెల్డింగ్ పెట్టకూడదు. గాలి నింపేది ఇనుప బోనులోనే, పొడుగాటి పైపుతో, పక్కకు నిలబడి. టైరులో గాలి ఉండాల్సిన దాంట్లో 80 శాతానికి తగ్గాక బండి నడిచి ఉంటే, చక్రం విప్పి లోపల చూడకుండా మళ్లీ గాలి కొట్టొద్దు. ఏళ్ల తరబడి నిలబడిపోయిన లారీకి ఇది ఖాయంగా వర్తిస్తుంది. మీకు ఈ పని రాకపోతే వచ్చినవాళ్లకు అప్పగించండి, ఇందులో మొహమాటం వద్దు.

పాత హైడ్రాలిక్ బ్రేకుల్లో చాలావాటికి ఒకటే సర్క్యూట్. ఎక్కడో ఒక చిన్న పైపు పగిలితే నాలుగు వైపులా బ్రేకు పోతుంది. పైపులు, హోసులు, వీల్ సిలిండర్లు అన్నీ చూసుకున్నాకే బండి కదపాలి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుందనే అనుకుని పని చేయండి. కంప్రెసర్ గాలితో ఆ దుమ్ము ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి.

ఇక ఇంజిన్. లాగి స్టార్ట్ చేసే పద్ధతి వద్దు. ముందు సిలిండర్లలో నూనె వేసి, చేత్తో తిప్పి, తిరుగుతుందో లేదో చూడండి. డీజిల్ ఇంజిన్ అయితే ఇంకా జాగ్రత్త. ఇంజెక్షన్ పంపులో డీజిల్ ఎంత వెళ్లాలో నిర్ణయించే కడ్డీ (ర్యాక్) ఫుల్ దగ్గర బిగుసుకుపోయి ఉంటే, స్టార్ట్ అయిన మరుక్షణం ఇంజిన్ అదుపు తప్పి, తాళం తీసినా ఆగకుండా వేగం పెంచుకుంటూ పోతుంది. గాలి లోపలికి వెళ్లే దారిని మూసేయడానికి ఒక బలమైన పలక సిద్ధంగా పెట్టుకుని, దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషిని నిలబెట్టాకే సెల్ఫ్ కొట్టండి.

అపోహ: వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే ఇంజిన్ బాగుంటుంది

బాగుండదు, పాడవుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే ఆవిరి రూపంలో సుమారు లీటరు నీరు పుడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కితే అది బయటికి పోతుంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే కొంత నీరు సైలెన్సర్‌లో, కొంత ఇంజిన్ ఆయిల్‌లో మిగిలిపోయి తుప్పు పట్టిస్తుంది. తీస్తే రోడ్డు మీదికి తీయండి, అన్నీ వేడెక్కేదాకా నడపండి. లేదంటే ఆయిల్ మార్చి, పెట్రోలు ఖాళీ చేసి, బరువు టైర్ల మీద పడకుండా స్టాండ్ల మీద నిలిపి కప్పేయండి.

అపోహ: పాత బండికి ఎంత చిక్కటి ఆయిల్ వేస్తే అంత మంచిది

పాత గేర్‌బాక్సుల్లో కంచు, ఇత్తడి భాగాలు ఉంటాయి. జీఎల్-5 అనే గ్రేడు గేర్ ఆయిల్స్ కొన్నిటిలో కలిపే గంధకపు రసాయనాలు వాటిని తినేస్తాయి. డబ్బా మీద చిక్కదనం ఒక్కటే చూడకండి, గ్రేడు కూడా చూడండి.

అపోహ: విడిభాగాలు దొరకవు

అందమైన పాత కారు హెడ్‌లైటు చట్రం దొరకదేమో గానీ, లారీ చక్రం బేరింగు దొరుకుతుంది. ఇంజిన్, యాక్సిల్ బయటి కంపెనీలవని పైన చెప్పాను కదా, ఆ సంగతి ఇక్కడ పనికొస్తుంది. అదే ఇంజిన్‌ను ట్రాక్టర్లకు, జనరేటర్లకు, పడవలకు కూడా వాడారు. బేరింగులు, ఆయిల్ సీళ్లు కొలతలను బట్టి తయారవుతాయి. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలుచుకుంటే లారీ పేరుతో పనే ఉండదు. దొరకని గేరును మంచి మెషిన్ షాపు కోసిస్తుంది, మెత్తని తెల్ల లోహం కరిగించి బాబిట్ బేరింగులు పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజంగా కష్టమైనవి క్యాబిన్ రేకు భాగాలు, పేరు బిళ్లలు, డాష్‌బోర్డు మీటర్లు. కొనేముందు ఇవి ఉన్నాయో లేవో చూసుకోండి. మార్చిన ప్రతి భాగం మీద తేదీ గుద్దండి. తీసిన పాతదాన్ని పారేయకుండా ట్యాగు కట్టి దాచండి.

అపోహ: లారీల రూపం ఫ్యాషన్‌ను బట్టి మారింది, కొత్త టెక్నాలజీ పాతదాన్ని ఓడిస్తూ వచ్చింది

అసలు కథ ఇంతకంటే బాగుంటుంది. గాట్లీబ్ డైమ్లర్ 1896లో తయారుచేసిన లారీలో ఉన్నది 4 హార్స్‌పవర్ల రెండు సిలిండర్ల ఇంజిన్. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఆవిరి, బ్యాటరీ, పెట్రోలు లారీలు పక్కపక్కనే నడిచాయి. షికాగోలో వాకర్ కంపెనీ బ్యాటరీ లారీలు చేసి అమ్మేది. బెంజ్ డీజిల్ లారీ 1923లోనే వచ్చింది, మరుసటి ఏడాది మాన్ కంపెనీ లారీ వచ్చింది. అయినా డీజిల్ అందరి చేతికీ రావడానికి దశాబ్దాలు పట్టింది.

బ్రిటన్‌లో సెంటినెల్ ఆవిరి లారీలు బరువు లాగలేక ఓడిపోలేదు. 1930లలో రోడ్డు, రైలు రవాణాపై వేసిన కమిటీ ఇచ్చిన సాల్టర్ నివేదిక తర్వాత బరువు బండ్ల మీద పన్నులు పెరిగాయి. బాయిలరు, బొగ్గు, నీళ్లు మోసే బండికి ఆ పన్ను గుదిబండ అయింది. అదే కాలంలో అక్కడ ఖాళీ బరువు రెండున్నర టన్నుల లోపు ఉన్న లారీకి గంటకు 30 మైళ్ల వేగం, అది దాటితే 20 మైళ్లే. ఆ హద్దు లోపల ఉండాలని తయారీదార్లు బరువు తగ్గించే దారులు వెతికారు. అమెరికాలో ముక్కు లేని, ఇంజిన్ మీదే క్యాబిన్ కూర్చున్న లారీలు అన్నేళ్లు రాజ్యమేలడానికి కారణం కూడా చట్టమే. బండి మొత్తం పొడవు మీద రాష్ట్రాలు పరిమితి పెట్టాయి. ముక్కు తగ్గిస్తే ట్రెయిలర్ పెంచుకోవచ్చు. 1982 నాటి చట్టంతో ప్రధాన రహదారుల మీద ఆ పరిమితి పోయింది, ముక్కు లారీలు తిరిగొచ్చాయి. లారీ ముందు నిలబడి "ఇలా ఎందుకు చేశారు?" అని అడిగితే, జవాబు చాలాసార్లు అప్పటి రోడ్డు చట్టాల్లో దొరుకుతుంది.

అపోహ: కాగితాల్లో ఉన్న సంవత్సరమే లారీ పుట్టిన సంవత్సరం

చాసిస్ తయారై, బాడీ కట్టడానికి వెళ్లి, అమ్ముడుపోయి రిజిస్టర్ అయ్యేసరికి ఏడాది మారిపోయిన బండ్లు ఎన్నో. చాసిస్ పట్టా మీద గుద్దిన నంబరును నమ్మండి. అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ చేసిన ఇంటర్నేషనల్ లారీలకైతే ఫ్యాక్టరీలో ఒక్కో బండికి లైన్ సెట్టింగ్ టికెట్ ఉండేది. ఏ ఇంజిన్, ఏ యాక్సిల్, ఏ రంగు వేశారో అందులో కోడ్‌లతో సహా ఉంటుంది. ఆ కంపెనీ పత్రాలు విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. మ్యాక్ లారీలకు అమెరికాలోని అలెన్‌టౌన్‌లో ఆ కంపెనీ మ్యూజియం ఉంది, బ్రిటిష్ బండ్లకు లేలాండ్ పట్టణంలోని బ్రిటిష్ కమర్షియల్ వెహికల్ మ్యూజియం ఉంది. 1971లో మొదలైన అమెరికన్ ట్రక్ హిస్టారికల్ సొసైటీ పాత క్యాటలాగులు, మాన్యువళ్లు, ఫొటోలు భద్రం చేస్తోంది. ఉత్తరం రాసేముందు చాసిస్ నంబరుతోపాటు ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిల్ నంబర్లు కూడా రాసుకోండి.

అపోహ: అరుదైన లారీలనే దాచాలి

లక్షల్లో తయారైనవే ముందు మాయమవుతాయి, ఎందుకంటే వాటి గురించి ఎవరికీ కంగారు ఉండదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన జీఎంసీ సీసీకేడబ్ల్యూ లారీలు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. 1944 ఆగస్టు నుంచి నవంబరు దాకా ఫ్రాన్స్‌లో మిత్రసేనలకు పెట్రోలు, మందుగుండు, తిండి చేరవేసిన రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్‌లో ఎక్కువగా పరుగెత్తింది ఇవే. వాటిని నడిపినవాళ్లలో సుమారు నాలుగింట మూడొంతుల మంది నల్లజాతి సైనికులు. బండిని అద్దంలా తయారుచేసి ఈ సంగతి చెప్పకుండా నిలబెడితే, చూసేవాళ్లకు మిగిలేది ఇనుమే.

మామూలు లారీకి కూడా నడిపిన మనుషులు ఉంటారు. వాళ్లలో బతికి ఉన్నవాళ్ల దగ్గరికి ఇంజిన్ విప్పకముందే వెళ్లండి. ఏ సరుకు వేసేవారు, ఏ ఎత్తు దగ్గర ఏ గేరు మార్చేవారు, రాత్రి ఎక్కడ పడుకునేవారు, ఏ భాగం మాటిమాటికీ పోయేది అని అడగండి. వీలైతే వాళ్లను క్యాబిన్‌లో కూర్చోబెట్టి మాట్లాడించండి. స్టీరింగ్ చేతికి తగిలితే మరిచిపోయినవి కూడా గుర్తొస్తాయి. ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ, పేరు, బండి చాసిస్ నంబరు ముందే పలికించండి. వాళ్ల దగ్గరున్న పాత ఫొటోలను స్కాన్ చేసేటప్పుడు వెనక వైపు కూడా చేయండి. ఊరి పేరు, బండి నంబరు, పక్కన నిలబడ్డ క్లీనర్ పేరు ఎక్కువగా అక్కడే రాసి ఉంటాయి.