వీల్‌చైర్ బొమ్మ ఉన్న పార్కింగ్: మా సెల్లార్‌లో రోజూ వినే అపోహలు

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఓ షాపింగ్ కాంప్లెక్స్‌లో పార్కింగ్ చూసుకుంటాను. వీల్‌చైర్ బొమ్మ వేసిన జాగాలు మాకు రెండున్నాయి. గొడవలన్నీ అక్కడే.

అపోహ: "ప్రైవేటు జాగాలో ఈ రూలేంటి?"

వాస్తవం: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం జనం వచ్చిపోయే ప్రైవేటు బిల్డింగ్ కూడా పబ్లిక్ బిల్డింగే. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల దాకా, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా. అయితే చలానా రాసే అధికారం నాకు లేదు. కారు పెట్టి తాళం వేసుకుని పైకెళ్లిపోతే నేను చేయగలిగింది మైకులో నంబరు చదివించడమే. అందుకే మా పనంతా బండి ఆగకముందే.

అపోహ: "ఒక్కరికోసం అంత జాగా దండగ."

వాస్తవం: నేషనల్ బిల్డింగ్ కోడ్ అడిగేది 3.6 మీటర్ల వెడల్పు, అదీ ద్వారానికి 30 మీటర్ల లోపు. అంత ఎందుకో ఒకసారి నిలబడి చూస్తే తెలుస్తుంది. శనివారాలు వచ్చే ఒక పెద్దాయన కారు తలుపు బార్లా తీసి, పక్కసీట్లోంచి కుర్చీ దించి, విప్పి, సీటుకి ఆనించి, రెండు చేతుల మీద బరువు మోపి అందులోకి జరుగుతారు. ఓసారి ఆయన షాపులో ఉండగా ఎవరో ఆయన కారు పక్కన కుర్చీ దించుకోడానికి చారలు గీసి వదిలిన జాగాలో బుల్లెట్ బండి పెట్టి పోయారు. హ్యాండిల్ లాక్. నలుగురం కలిసి ఎత్తి పక్కన పెట్టాం.

అపోహ: కోన్ పెడితే సరిపోతుంది.

నేనూ అలాగే అనుకునేవాణ్ణి. "కోన్ తీయాలంటే దిగాలి గదా బాబూ, దిగాలంటే ఈ జాగా కావాలి" అన్నారా శనివారం పెద్దాయన. ఇప్పుడు కోన్ పక్కన మనిషిని పెడుతున్నాం, భోజనాల వేళ కూడా.

అపోహ: నడుచుకుంటూ దిగాడంటే దొంగవేషమే.

వాస్తవం: చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ప్యాంటు కింద జైపూర్ కాలు (కృత్రిమ కాలు) కనపడదు. అనుమానముంటే పక్కకి పిలిచి యూడీఐడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు) అడుగుతాం, నలుగురిలో నిలదీయం.

"ఐదు నిమిషాలే" అనేవాళ్లకి జవాబు రాసే ఓపిక నాకు లేదు.

ఇంకోటి. తప్పెప్పుడూ బండివాళ్లదే అనుకోకండి. దసరా ముందు మా కాంప్లెక్స్ షాపుల సరుకు అట్టపెట్టెలు ఆ రెండు జాగాల్లోనే చేరతాయి. అలా కనిపిస్తే నాతో పోట్లాడకుండా ఫొటో తీసి, తేదీ వేసి, మేనేజర్‌కి రాసివ్వండి. కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి పంపండి. నేను చెబితే ఆ పెట్టెలు జరగవు.