కనెక్టింగ్ ఫ్లైట్ తప్పిపోతే: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు టికెట్లు చేయడం నా వృత్తి. వారిలో చాలామందికి దోహాలోనో దుబాయిలోనో విమానం మారాలంటేనే బెంగ. అయితే భయపడనక్కరలేని చోట బెంగపడుతూ, నిజంగా జాగ్రత్తపడవలసిన చోట ధీమాగా ఉండేవారే నాకు ఎక్కువగా కనిపిస్తుంటారు.

అపోహ: కనెక్షన్ తప్పితే ఎలాంటి టికెట్ అయినా విమాన సంస్థే చూసుకుంటుంది.

వాస్తవం: హైదరాబాద్ నుంచి డల్లాస్ వరకు ప్రయాణమంతా ఒకే టికెట్‌పై ఉండి, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే, అదనపు ఛార్జీ లేకుండా మరో విమానంలో మిమ్మల్ని గమ్యం చేర్చవలసింది సంస్థే. ధర తగ్గుతుందని హైదరాబాద్-దుబాయి ఒక సంస్థలో, దుబాయి-డల్లాస్ మరో సంస్థలో విడివిడిగా కొంటే మాత్రం, మీ మొదటి విమానం ఎందుకు ఆలస్యమైందన్నది రెండో సంస్థకు సంబంధం లేని విషయం. దాని లెక్కలో మీరు సమయానికి రాని ప్రయాణికులు. పైగా విడి టికెట్లకు చాలా సంస్థలు బ్యాగులను చివరిదాకా పంపవు. వాటిని తీసుకోవడానికి ఆ దేశంలోకి ప్రవేశించాలి, అంటే చాలా చోట్ల వీసా కావాలి.

ఒకే వెబ్‌సైట్‌లో, ఒకేసారి డబ్బు కట్టి కొన్నాం కాబట్టి ఒకే టికెట్ అనుకోవడం సరికాదు. కొన్ని పోర్టళ్లు రెండు వేర్వేరు టికెట్లను కలిపి ఒకే ప్రయాణంలా చూపిస్తాయి. ఈ-టికెట్‌పై 13 అంకెల టికెట్ నంబరు ఉంటుంది. అన్ని విమానాలూ దాని కిందే ఉన్నాయో లేదో చూడండి. విమానాలు నాలుగు మించితే దాని తర్వాతి వరుస నంబరు కూడా ఉంటుంది, అది మామూలే. సంస్థలు రెండైతే పీఎన్‌ఆర్‌లు రెండు ఉండవచ్చు కాబట్టి, పీఎన్‌ఆర్‌ను బట్టి కాక టికెట్ నంబరును బట్టే తేల్చుకోవాలి.

అపోహ: బుకింగ్ సిస్టమ్ టికెట్ ఇచ్చిందంటే రెండు విమానాల మధ్య ఉన్న సమయం సరిపోతుంది.

వాస్తవం: ప్రతి విమానాశ్రయానికీ కనీస కనెక్షన్ సమయం నిర్ణయించి ఉంటుంది, అంతకంటే తక్కువైతే ఒకే టికెట్‌గా అమ్మరు. కానీ అది అన్నీ వేళకు నడిస్తే సరిపోయే సమయం. బయలుదేరే వేళకు పావుగంట, ఇరవై నిమిషాల ముందే గేటు మూసేస్తారన్న సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. వీల్‌చైర్ అవసరమైన పెద్దవారికి నేను మూడు గంటలకు తగ్గకుండా చూస్తాను. వీల్‌చైర్ కావాలని కనీసం 48 గంటల ముందే బుకింగ్‌లో చేర్పిస్తాను. మారి ఎక్కవలసిన విమానమే ఆ రోజుకు చివరిదైతే, ధర తక్కువైనా ఆ కనెక్షన్ తీసుకోవద్దంటాను.

అపోహ: శంషాబాద్‌లో వేసిన బ్యాగులు చివరి ఊళ్లోనే తీసుకోవచ్చు.

వాస్తవం: గల్ఫ్‌లోనో యూరప్‌లోనో మారేటప్పుడు, టికెట్ ఒకటే అయితే, సాధారణంగా ఇది నిజమే. అమెరికాలో మారేటప్పుడు కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా షికాగోలో దిగి డల్లాస్ వెళ్లేవారు షికాగోలోనే ఇమిగ్రేషన్ ముగించుకుని, బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ దాటి, వాటిని మళ్లీ అప్పగించాలి. బ్యాగు ట్యాగుపై డల్లాస్ అనే రాసి ఉంటుంది కాబట్టి పెద్దవారు నేరుగా వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాత మళ్లీ సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది. 100 మిల్లీలీటర్లు దాటిన ఆవకాయ సీసా చేతి సంచిలో ఉంటే అక్కడ పారేయిస్తారు. పచ్చళ్లన్నీ మొదటి నుంచీ పెద్ద బ్యాగులోనే పెట్టండి. అబుదాబి నుంచి నేరుగా అమెరికా వెళ్లే విమానాలకు అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అబుదాబిలోనే పూర్తవుతుంది కాబట్టి, పెద్దవారికి ఆ దారి సులువని నా అభిప్రాయం.

అపోహ: మొదటి విమానం ఎక్కకపోయినా మధ్యలో ఎక్కవచ్చు.

వాస్తవం: విశాఖపట్నం-ఢిల్లీ-ఫ్రాంక్‌ఫర్ట్ టికెట్ కొని, చెప్పకుండా రైల్లో ఢిల్లీ చేరుకుంటే, మిగిలిన విమానాలన్నీ, తిరుగు ప్రయాణంతో సహా, సాధారణంగా రద్దవుతాయి. అలా వెళ్లవలసివస్తే ముందే సంస్థతో మాట్లాడి టికెట్ మార్పించుకోవాలి.

అపోహ: అమెరికా వీసా ఉంటే మధ్యలో ఎక్కడ ఆగినా ఇబ్బంది లేదు.

వాస్తవం: షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) రెండు విమానాశ్రయాలు తగిలితే, ఉదాహరణకు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్ వెళ్లి అక్కడ అమెరికా విమానం ఎక్కాలంటే, షెంగెన్ వీసా ఉండాల్సిందే. దుబాయిలో ఒక రోజు ఊరు చూడాలనుకునేవారికి 48 గంటల ట్రాన్సిట్ వీసా ఉంది, కానీ ముందుగా విమాన సంస్థ ద్వారా దరఖాస్తు చేయాలి. ఆగే సమయం 24 గంటలు దాటితే దాన్ని స్టాప్‌ఓవర్‌గా లెక్కిస్తారు. ఛార్జీ మారవచ్చు, బ్యాగులూ అక్కడే చేతికివ్వవచ్చు.

అపోహ: ఆలస్యానికి పరిహారం ఎవరూ ఇవ్వరు.

వాస్తవం: జర్మనీలో చదివే విద్యార్థి ఒకే బుకింగ్‌పై మ్యూనిక్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్ వస్తూ, కనెక్షన్ తప్పి మూడు గంటలకు పైగా ఆలస్యంగా చేరితే, యూరోపియన్ యూనియన్ 2004 నాటి 261వ నిబంధన ప్రకారం 600 యూరోల వరకు అడగవచ్చు. వాతావరణం వంటి అనివార్య కారణాలకు మాత్రం ఇది వర్తించదు. బోర్డింగ్ పాసులు పారేయకండి.

అపోహ: తప్పిపోయిన వెంటనే కొత్త టికెట్ కొనుక్కోవడమే మార్గం.

వాస్తవం: ఒకే టికెట్ అయితే అస్సలు కొనకండి. చాలాసార్లు మీరు దిగేలోపే సంస్థ మరో విమానంలో సీటు కేటాయిస్తుంది కాబట్టి ముందు ఆ సంస్థ యాప్‌ చూడండి; తర్వాత ఇమిగ్రేషన్ దాటకుండా, విమానం మారేవారి కోసం ఉండే ట్రాన్స్‌ఫర్ డెస్క్‌కు వెళ్లండి. వరుసలో నిలబడే సంస్థకు ఫోన్ కూడా చేయండి, ఏది ముందు అందితే అదే పని చేస్తుంది. భోజనం, రాత్రయితే హోటల్ నోరు తెరిచి అడగండి. కొత్త బోర్డింగ్ పాసు చేతికొచ్చాక బ్యాగులు ఏ విమానంలో వస్తాయో కనుక్కోండి. గమ్యంలో బ్యాగు రాకపోతే విమానాశ్రయం బయటకు రాకముందే బ్యాగేజీ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి, ఆ నంబరు తీసుకోండి.