డిశ్చార్జి కాగితం ఎవరి కోసం: ఆసుపత్రికీ ఇంటికీ మధ్య రోగి మాటకు చోటు దొరికిన క్రమం

రోగిని ఇంటికి పంపడంతో తమ పని ముగిసిందని ఆసుపత్రులు చాలాకాలం భావించాయి. పాత మందుల్లో వేటిని మానాలి, కట్టు ఎన్నాళ్లకు మార్చాలి, రాత్రివేళ ఆయాసం ఎక్కువైతే ఎవరికి ఫోన్ చేయాలి వంటివన్నీ ఇంటివాళ్లే ఎలాగో చూసుకుంటారని వదిలేశాయి. ఇందులోని లోపం అమెరికాలో డబ్బు లెక్కల వల్ల బయటపడింది. అక్కడ ప్రధానంగా 65 ఏళ్లు దాటినవారికి వర్తించే ప్రభుత్వ బీమా మెడికేర్, 1983 నుంచి రోగి ఎన్ని రోజులు మంచంపై ఉన్నా జబ్బును బట్టి ఒకే మొత్తం చెల్లించడం మొదలుపెట్టింది. దాంతో ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గి, పూర్తిగా కోలుకోనివారు ముందుగానే ఇల్లు చేరడం పెరిగింది.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మేరీ నేలర్ బృందం 1990ల్లో దీనికి ఒక మార్గం చూపింది. ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు ఆసుపత్రిలోనే రోగిని కలిసి, ఇంటికి వెళ్లాక కూడా వారి బాధ్యత చూసేవారు. కొలరాడో విశ్వవిద్యాలయంలోని వృద్ధుల వైద్య నిపుణుడు ఎరిక్ కోల్మన్ మరో వైపు నుంచి ఆలోచించారు. ఆయన బృందం రోగులనూ వారిని చూసుకునేవారినీ కూర్చోబెట్టి, ఇంటికి వెళ్లాక ఎక్కడ ఇబ్బంది పడ్డారో అడిగింది. నిర్ణయాల్లో తమ మాట ఎవరూ అడగలేదనీ, ఏమేం చేసుకోవాలో సరిగా చెప్పి పంపలేదనీ వారు చెప్పారు. ఆ మాటల ఆధారంగానే ఆయన ఒక ప్రశ్నావళినీ ఒక పద్ధతినీ తయారుచేశారు.

ఆ పద్ధతిలో శిక్షకురాలు ఆసుపత్రిలో ఒకసారి, ఇంట్లో ఒకసారి రోగిని కలిసి, నాలుగు వారాల్లో మూడుసార్లు ఫోన్ చేస్తుంది. మందుల డబ్బా సర్దిపెట్టడం, డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోవడం వంటి పనులు తాను చేయదు. రోగి చేత చేయిస్తుంది, డాక్టరును ఏం అడగాలో ముందుగా సాధన చేయిస్తుంది. 2006లో వెలువడిన 750 మంది అధ్యయనంలో, 30 రోజుల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు మామూలు పద్ధతిలో 11.9 శాతం కాగా, ఈ పద్ధతిలో 8.3 శాతం. తేడా చిన్నదిగా కనిపించినా, కొత్త మందూ కొత్త యంత్రమూ ఏదీ లేకుండా వచ్చిన తేడా అది.

మెడికేర్ రోగుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు 30 రోజుల్లోపే తిరిగి చేరుతున్నారని కోల్మన్ సహరచయితగా ఉన్న 2009 నాటి మరో అధ్యయనం తేల్చాక, ప్రభుత్వం కదిలింది. 2010 నాటి ఆరోగ్య చట్టం ప్రకారం, రోగులు ఎక్కువగా తిరిగి చేరే ఆసుపత్రులకు 2012 అక్టోబరు నుంచి చెల్లింపుల్లో కోత పడింది. గరిష్ఠంగా 1 శాతంతో మొదలై తర్వాత 3 శాతానికి చేరింది. నా దృష్టిలో చిక్కు ఇక్కడే ఉంది. ఏ మందు ఎందుకో తెలియక ఇంట్లోనే అవస్థపడి, తిరిగి చేరని మనిషి ఈ లెక్కలో ఎక్కడా కనిపించడు. కోల్మన్ ప్రశ్నల్లో మూడింటిని 2013లో జాతీయ రోగుల సర్వేలో చేర్చడం ఆ లోటును కొంత తీర్చింది. 2025లో వాటిని తీసేసి వేరే ప్రశ్నలు పెట్టారు.

కెనడాలోని టొరంటోలో మార్పు కాగితం నుంచే మొదలైంది. అక్కడి యూనివర్సిటీ హెల్త్ నెట్‌వర్క్‌కు చెందిన ఓపెన్‌ల్యాబ్, రోగులతోనూ కుటుంబాలతోనూ కలిసి డిశ్చార్జి పత్రాన్ని మళ్లీ రాసింది. అంతకుముందు డిశ్చార్జి సారాంశం ప్రధానంగా ఒక డాక్టరు మరో డాక్టరుకు రాసే ఉత్తరం. కొత్త పత్రంలో ఐదే శీర్షికలున్నాయి: వేసుకోవలసిన మందులు, ఒంట్లో ఎలా ఉండవచ్చో అప్పుడు ఏం చేయాలో, రోజువారీ అలవాట్లలో మార్పులు, వెళ్లవలసిన అపాయింట్‌మెంట్లు, మరింత సమాచారం దొరికే చోటు. అక్షరాలు పెద్దవి, మాటలు తేలికైనవి, రోగి తానే రాసుకునేందుకు ఖాళీ కూడా ఉంటుంది.

మన దేశంలో వార్డులో రోగి పక్కన కుటుంబసభ్యుడు ఎప్పుడూ ఉంటాడు కాబట్టి ఈ పని తేలిక కావాలి. కర్ణాటకలోని నారాయణ ఆసుపత్రుల్లో పని ప్రారంభించిన నూరా హెల్త్ సంస్థ ఆ అటెండెంట్లకే ఇంటి సంరక్షణ నేర్పుతోంది. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీలో డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు చేరి ఉంది. డిశ్చార్జి సారాంశంలో సూచనలు రోగికి అర్థమయ్యేలా ఉండాలని ఆసుపత్రుల గుర్తింపు సంస్థ ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాలు కూడా చెబుతున్నాయి. అయినా తెలుగు రాష్ట్రాల్లో బిల్లు కట్టి, బీమా ఆమోదం కోసం సాయంత్రం దాకా ఎదురుచూశాక చేతికొచ్చే ఫైలు సాధారణంగా ఇంగ్లిషులోనే ఉంటుంది. మందు పేరు పక్కన 1-0-1 అని ఉంటే, మధ్యలోని సున్నా మధ్యాహ్నం వేసుకోవద్దని చెబుతోందని చాలామందికి వివరించేది మందుల షాపు కుర్రాడే.